అన్వేషణ ఫలితాల వివరణ

అన్వేషణ ఫలితాల వివరణ అంటే సెర్చ్ ఇంజను ఒక ఫలితాన్ని ఎందుకు చూపిందో వెతికిన వ్యక్తికి తెలియజేసే ఏర్పాటు. ఫలితపు శీర్షిక కింద కనిపించే రెండు మూడు పంక్తుల పాఠ్యం, అందులో బొద్దుగా కనిపించే పదాలు, ఫలానా పదం ఈ పేజీలో లేదని తెలిపే సూచనలు ఈ కోవలోకి వస్తాయి. పంక్తుల రూపంలో ఉండే పాఠ్యభాగాన్ని స్నిప్పెట్ అంటారు. ఏ పేజీని తెరవాలో, దేనిని వదలివేయాలో పాఠకుడు ఎక్కువగా వీటిని చూసే నిర్ణయించుకుంటాడు. అయితే ఒక పేజీ ప్రశ్నతో ఎందుకు సరిపోలిందో చెప్పడం వేరు, ఆ పేజీలోని విషయం నిజమని చెప్పడం వేరు.

చరిత్ర

ముఖ్యపదాన్ని దాని సందర్భంతో సహా చూపే పద్ధతి వెబ్ కంటే పాతది. ఐబీఎం సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1950ల చివరలో "క్విక్" అనే సూచికను రూపొందించాడు. ఇందులో వ్యాస శీర్షికలోని ముఖ్యపదం పంక్తి మధ్యలోను, దాని ముందువెనుకల పదాలు ఇరువైపులా అచ్చవుతాయి. 1961లో మొదలైన "కెమికల్ టైటిల్స్" అనే రసాయనశాస్త్ర సూచిక ఈ పద్ధతినే అనుసరించింది.

1995లో మార్టీ హర్స్ట్ "టైల్‌బార్స్" అనే పద్ధతిని ప్రతిపాదించింది. ఇందులో ఒక్కొక్క పత్రాన్ని గళ్ళపట్టీగా చూపుతారు. వెతికిన పదం ఏ భాగంలో ఎక్కువగా ఉంటే ఆ గడి అంత ముదురు రంగులో ఉంటుంది.

తొలినాటి సెర్చ్ ఇంజన్లు చాలావరకు పేజీలోని మొదటి పంక్తులనే సారాంశంగా చూపేవి. ప్రశ్న ఏదైనా సారాంశం మారేది కాదు. ప్రశ్నలోని పదాలున్న వాక్యాలను ఏరి చూపితే పాఠకులు తమకు పనికివచ్చే పత్రాలను మరింత కచ్చితంగా, త్వరగా గుర్తించగలరని 1998లో టోంబ్రోస్, శాండర్సన్‌ల పరిశోధన తెలిపింది. తరువాత ఈ పద్ధతే స్థిరపడింది.

పనిచేసే విధానం

సెర్చ్ ఇంజను ముందుగానే ఒక సూచికను తయారుచేసుకుంటుంది. ఏ పదం ఏయే పేజీలలో, ఏయే స్థానాలలో ఉందో ఇందులో నమోదై ఉంటుంది. ప్రశ్న అందగానే ఆ పదాలున్న పేజీలను తీసి, వరుసక్రమం నిర్ణయించి, ఒక్కొక్క పేజీలో ప్రశ్నపదాలు దగ్గర దగ్గరగా ఉన్న భాగాన్ని స్నిప్పెట్‌గా ఎంచుతుంది. అరుదైన పదానికి ఎక్కువ విలువ, అన్నిచోట్లా కనిపించే పదానికి తక్కువ విలువ ఇస్తారు. లూసీన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ఏ పదం వలన ఎన్ని మార్కులు వచ్చాయో లెక్కతో సహా చూపే సౌకర్యం ఉంది. ఇది ముఖ్యంగా ప్రోగ్రామర్ల కోసం ఉద్దేశించినది.

సరిపోలిక ఎల్లప్పుడూ పేజీలోని పాఠ్యంలోనే ఉండనవసరం లేదు. ఇతర పేజీలు ఇచ్చే లింకులపై ఉన్న మాటలు కూడా లెక్కకు వస్తాయి. "ఘోర వైఫల్యం" అనే అర్థమిచ్చే ఆంగ్ల పదబంధాన్ని లింకుగా వాడి, అనేకులు 2003లో అమెరికా అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ జీవితచరిత్ర పేజీని గూగుల్ ఫలితాలలో మొదటి స్థానానికి తెచ్చారు. ఆ పదబంధం ఆ పేజీలో లేదు. కారణం చూపనిదే ఇటువంటి ఫలితం సెర్చ్ ఇంజను సొంత అభిప్రాయమని పాఠకుడు పొరబడే అవకాశముంది. 2007 జనవరిలో గూగుల్ ఇటువంటి ప్రయత్నాలను అడ్డుకొనే మార్పు చేసింది.

తెలుగులో ఎదురయ్యే సమస్యలు

* విభక్తులు: "ఇల్లు" అని వెతికినవారికి "ఇంటికి" అని ఉన్న పేజీ కూడా కావలసినదే. కానీ అక్షరాలను మాత్రమే పోల్చే ప్రోగ్రాముకు ఈ రెండింటి సంబంధం తెలియదు.
* సంధులు: "రామాలయం"లో "ఆలయం" ఉన్నదని చదువరికి తెలుసు. యూనీకోడ్‌లో "ఆ" అనే అచ్చుకు, "మా"లోని దీర్ఘానికి సంకేతాలు వేరు కనుక సాధారణ పోలికకు అది దొరకదు.
* పదంలో భాగం: అక్షరాల వరుసను మాత్రమే పోల్చితే "గుడి" కోసం వెతికినవారికి "గుడిసె", "గుడివాడ" కూడా వస్తాయి. సరిపోలిన భాగాన్ని బొద్దుగా చూపితే పొరపాటు వెంటనే తెలిసిపోతుంది.
* వర్ణక్రమం: "హైదరాబాద్", "హైదరాబాదు" వంటి రూపభేదాలు, కంటికి కనిపించని జతకూడని గుర్తులు కూడా పోలికను దెబ్బతీస్తాయి.

మీడియావికీ అన్వేషణలో ఫలితం దారిమార్పు ద్వారా వచ్చి ఉంటే, ఆ దారిమార్పు పేరును కూడా పక్కన చూపుతారు. పేజీ పేరు ఒకటి, వెతికిన పేరు మరొకటి అయినప్పుడు ఇది ఉపయోగపడుతుంది.

పరిమితులు

స్నిప్పెట్ అనేది సందర్భం నుండి తుంచిన ముక్క. 2021 అక్టోబరులో, ఫిట్స్ వచ్చిన వ్యక్తికి ఏమి చేయాలన్న ప్రశ్నకు గూగుల్ పైభాగాన చూపిన స్నిప్పెట్‌లో, మూల పేజీ "చేయకూడదు" అని చెప్పిన పనులు చేయవలసినవిగా కనిపించాయి. రోగిని కదలకుండా పట్టుకోవడం, నోటిలో వస్తువు పెట్టడం వాటిలో ఉన్నాయి. పదాలు సరిగానే సరిపోలాయి. తప్పిపోయింది "కూడదు" అన్న మాట. కాబట్టి వైద్యం, చట్టం వంటి విషయాలలో మూల పేజీని తెరచి చదవడం తప్పనిసరి.

పదాలను కాక అర్థాన్ని పోల్చే పద్ధతులు వచ్చాక వివరణ మరింత కష్టమయింది. గూగుల్ 2019లో బెర్ట్ అనే భాషా నమూనాను అన్వేషణలో వాడడం మొదలుపెట్టింది. ఇటువంటి నమూనాలు సంఖ్యల రూపంలో అర్థసామ్యాన్ని లెక్కిస్తాయి. అప్పుడు బొద్దుగా చూపడానికి ఉమ్మడి పదమే ఉండకపోవచ్చు.

పారదర్శకత

ఐరోపా సమాఖ్యలో 2020 జూలై 12 నుండి వర్తిస్తున్న నిబంధనల ప్రకారం, వరుసక్రమాన్ని నిర్ణయించే ప్రధానాంశాలను సెర్చ్ ఇంజన్లు బహిరంగంగా వివరించాలి. ఇది మొత్తం పద్ధతికి సంబంధించిన వివరణ. ఒక్కొక్క ఫలితానికి సంబంధించిన వివరణగా గూగుల్ 2021లో ఒక పలకను ప్రవేశపెట్టింది. ప్రశ్నలోని పదాలు పేజీలో ఉన్నాయా, సంబంధిత పదాలు ఉన్నాయా, ఇతర సైట్లు ఆ పదాలతో లింకులిచ్చాయా, భాష, ప్రాంతం సరిపోలాయా అనే అంశాలను ఇందులో చూపారు. పేజీ ఎందుకు వచ్చిందో ఇది కొంతవరకు తెలుపుతుంది. పక్క పేజీ కంటే ముందు ఎందుకు వచ్చిందో మాత్రం తెలుపదు.

ఇవి కూడా చూడండి

* సెర్చ్ ఇంజను
* యూనీకోడ్
* తెలుగు సంధులు