హార్డ్ డిస్క్ మొరాయిస్తే: ముందు నకలు, ఆ తర్వాతే మరమ్మతు

ఒకప్పుడు ఇంటి పత్రాలు ఇనుప పెట్టెలో ఉండేవి. స్థలం దస్తావేజు, నికాహ్‌నామా, పిల్లల సర్టిఫికెట్లు, దూరదేశం నుండి వచ్చిన ఉత్తరాలు అన్నీ ఒకే తాళం కింద భద్రంగా ఉండేవి. నేడు వాటి నకళ్ళు, వాటితోపాటు పెళ్ళి ఫోటోలు, గతించిన పెద్దల కంఠస్వరాలు ఇంట్లోని కంప్యూటర్‌లోకి చేరాయి. దస్తావేజు నకలు రిజిస్ట్రారు కార్యాలయంలో మళ్ళీ దొరుకుతుంది. మరణించిన తల్లి గొంతు ఏ కార్యాలయంలోనూ దొరకదు. కనుక కంప్యూటర్ పదే పదే ఆగిపోతూ, డిస్క్‌లో లోపమున్నదని తెరపై చూపుతున్నప్పుడు ఇంటివారు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: ఇందులో ఉన్నది మరెక్కడైనా ఉందా? బాగుచేయడం ఆ తర్వాతి మాట.

లోపల జరిగేదేమిటి?

1956లో ఐబీఎం సంస్థ తెచ్చిన తొలి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల వెడల్పు గల పలకలు 50 ఉండేవి. దాని మొత్తం సామర్థ్యం సుమారు 50 లక్షల అక్షరాలు. అనగా నేటి ఫోన్ తీసే ఒక ఫోటో పాటి. ఇప్పుడు అరచేతిలో ఇమిడే డిస్క్‌లోని పలకలు సాధారణంగా నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. సమాచారాన్ని చదివే మొన పలకను తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యవ వంతుకన్నా తక్కువ ఎత్తున తేలుతుంటుంది. నడుస్తున్న డిస్క్‌కు గట్టి కుదుపు తగిలితే ఆ మొన పలకను గీకవచ్చు.

పలకపై సమాచారం సెక్టార్లు అనే చిన్న చిన్న గళ్ళలో ఉంటుంది. ఒక గడి చెడితే డిస్క్ దానిని పక్కన పెట్టి, తనలోని అదనపు గడిని వాడుకుంటుంది. ఆ అదనపు గళ్ళకు పరిమితి ఉంది. చెడిన గళ్ళు పెరుగుతున్న కొద్దీ ఫైళ్ళు ఆలస్యంగా తెరుచుకోవడం, మధ్యలో తెర బిగుసుకుపోవడం, నీలి తెర పడి కంప్యూటర్ తిరిగి మొదలవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి.

మొదట చేయవలసింది

లక్షణాలు కనిపించిన రోజే బయటి డిస్క్ లేదా పెన్ డ్రైవ్ తెచ్చి నకలు తీయాలి. మళ్ళీ దొరకనివి ముందు: ఫోటోలు, కంఠస్వరాలు, లెక్కలు, పత్రాలు. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు చివరికి. విండోస్‌లోని చెక్‌డిస్క్ పరీక్షను నకలు తీయక ముందు నడపరాదు. అది ఫైళ్ళ పట్టికను సరిచేయగలదు గానీ అరిగిన పలకను బాగుచేయలేదు. పైగా కొన ఊపిరితో ఉన్న డిస్క్‌ను గంటల తరబడి శ్రమపెడుతుంది.

డిస్క్ నుండి టక్ టక్ మని ఆగకుండా శబ్దం వస్తుంటే నకలు తీసే ప్రయత్నం కూడా వద్దు. వెంటనే కరెంటు ఆపాలి. డిస్క్‌ను ఇంట్లో విప్పరాదు. ధూళి రేణువు ఒక్కటి చాలు, పలక పాడవడానికి. ధూళి లేని గదిలో సమాచారాన్ని వెలికితీసే నిపుణులు పెద్ద నగరాలలో ఉన్నారు. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఫలితానికి హామీ ఉండదు.

దోషం డిస్క్‌దేనా?

నకలు చేతికి వచ్చాక కారణం వెదకవచ్చు. ప్రతి డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకుంటుంది. ఈ ఏర్పాటును స్మార్ట్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పట్టికను చూపుతుంది. అందులో నాలుగు వరుసలు చూస్తే చాలు. 05 మార్చబడిన గళ్ళ సంఖ్య. సి5 అనుమానంలో ఉన్న గళ్ళు. సి6 చదవలేకపోయిన గళ్ళు. ఈ మూడింటిలో అంకెలు పెరుగుతుంటే డిస్క్‌ను మార్చవలసిందే. సి7 మాత్రం డిస్క్‌కూ మదర్‌బోర్డ్‌కూ మధ్య రాకపోకలలో జరిగిన తప్పుల లెక్క. మొదటి మూడు సున్నాగా ఉండి సి7 పెరుగుతుంటే అనుమానించవలసింది కేబుల్‌ను.

నాయుడుపేటలో మా మదరసా కార్యాలయపు కంప్యూటర్ ఇలాగే సతాయించింది. మరమ్మతు దుకాణంలో కొత్త డిస్క్ వేశారు. రెండు నెలలకు అవే లోపాలు. మళ్ళీ డిస్క్ మార్చాలన్నారు. మా పూర్వ విద్యార్థి ఒకరు వచ్చి పట్టిక చూసి, "హజ్రత్, డిస్క్ బాగానే ఉందండీ. వైరు చూద్దాం" అన్నాడు. వదులైన సాటా కేబుల్ తీసి కొత్తది వేశాక లోపాలు ఆగిపోయాయి. సి7 అంకె ఒకసారి పెరిగితే తగ్గదు; ఇక పెరగకుండా ఉండడమే నయమైన గుర్తు.

కొత్త డిస్క్‌లో కూడా పాత జబ్బే కనిపిస్తే కేబుల్, ఆపై కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, ఆపై ర్యామ్ వరుసగా పరీక్షించాలి. ర్యామ్ పరీక్ష విండోస్‌లోనే ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. అన్నీ కలిపి మారిస్తే కారణం తెలియదు, సొమ్ము మాత్రం ఖర్చవుతుంది.

మన వాతావరణం, మన కరెంటు

మన ప్రాంతంలో వేసవి ఎండ, కరెంటు కోతలు, నవంబరు, డిసెంబరు నెలల తుఫాన్లు మూడూ కంప్యూటర్‌కు పరీక్షలే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నెల్లూరు, తిరుపతి జిల్లాలను వర్షాలతో ముంచెత్తిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైల్ సగంలో తెగిపోతుంది, ఫైళ్ళ పట్టిక చెదరవచ్చు. చిన్న యూపీఎస్ ఇచ్చే కొద్ది నిమిషాలు కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపడానికి సరిపోతాయి. పెట్టెను గోడకు ఆనించక, గాలి ఆడేలా, నేలకు ఎత్తుగా ఉంచాలి. లోపలి ఫ్యాన్ల దుమ్మును అప్పుడప్పుడు తుడవాలి.

అమానతు అన్న సంగతి

డిస్క్‌లో ఇంటి స్త్రీల ఫోటోలు, బ్యాంకు వివరాలు, కుటుంబ విషయాలు ఉంటాయి. దానిని మరమ్మతుకు ఇవ్వడమంటే అమానతు అప్పగించడమే. నమ్మకస్థుడికే ఇవ్వాలి, వీలైతే ఎదుట కూర్చుని చేయించుకోవాలి. మార్చిన పాత డిస్క్‌ను తప్పక తిరిగి తీసుకోవాలి. ఫైళ్ళను డిలీట్ చేసినా, మామూలుగా ఫార్మాట్ చేసినా వాటిని మళ్ళీ వెలికితీయడం సాధ్యమే. పనికిరాని డిస్క్‌ను పాత సామాన్లవారికి ఇచ్చే ముందు దాని పలకలను ధ్వంసం చేయడం మేలు. మరమ్మతు చేసే సోదరులు కూడా తమ చేతికి వచ్చినది ఒక కుటుంబపు గౌరవమని మరువరాదు.

మూడు ప్రతులు

సమాచార భద్రతకు నిపుణులు చెప్పే సూత్రం సులువైనది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, ఒకటి ఇంటి బయట. కంప్యూటర్‌లో ఒకటి, బయటి డిస్క్‌లో ఒకటి, ఇంటర్నెట్ నిల్వలో లేదా వేరే ఊరిలోని బంధువు వద్ద ఒకటి. ఒకే ప్రతిని ఒకే చోట ఉంచరాదన్న వివేకం మనకు కొత్త కాదు. మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) దివ్య ఖుర్ఆన్ ప్రతులు రాయించి వేర్వేరు నగరాలకు పంపించారు.

నేటి ఎస్‌ఎస్‌డీలలో తిరిగే పలకలు లేవు. అయినా అవీ చెడతాయి, ఒక్కోసారి ఏ హెచ్చరికా లేకుండానే. కాబట్టి ఏ డిస్క్ ఉన్న ఇంటికైనా ఈ సూత్రం వర్తిస్తుంది. నెలకొక రోజు నిర్ణయించుకుని నకలు తీయండి. తీసిన నకలులో నాలుగు ఫైళ్ళు తెరిచి చూడండి. ఆ పని ముగిశాక బయటి డిస్క్‌ను కంప్యూటర్ నుండి ఊడదీసి, పాత ఇనుప పెట్టెలోనే పెట్టండి.