నల్లరాతి నడుమ తెల్లని కడలి

రాజోలు నేలలో ఎంత తవ్వినా రాయి తగలదు. వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ గోదారమ్మ యుగాలుగా పరచిన మెత్తని, నల్లని, చల్లని ఒండ్రు. దాని మీద గాలికి ఊగే పచ్చని కొబ్బరాకుల గొడుగులు. అలాంటి ఊరి పేరు ఒక రాతికి ఉంది! వేల మీటర్ల లోతున ఓఎన్‌జీసీ రిగ్గులకు తగిలిన నల్లని లావా రాతిని భూగర్భశాస్త్రవేత్తలు ‘రాజోలు ఫార్మేషన్’ అంటారు.

ఆ రాతి వంశాన్ని కళ్ళారా చూడాలంటే ఎగువకు పోవాలి. రాజమండ్రి పక్కన కాతేరు, గోదారి పడమటి వైపున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు. క్రషర్ల దుమ్ము కాస్త సద్దుమణిగిన వేళ క్వారీ గోడ ముందు నిలబడండి. కింద కారునలుపు, పైన కారునలుపు. రెంటి మధ్య, మీగడ రంగులో మెల్లగా మెలికలు తిరుగుతూ సాగిపోయే సున్నపురాతి పట్టీ. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ లావా వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి ఇక్కడి తీరానికి చేరింది, చల్లారింది. దాని మీదికి నులివెచ్చని లోతులేని కడలి వచ్చింది, నత్తలు పాకాయి, ఆల్చిప్పలు అతుక్కున్నాయి. అంతలో మళ్ళీ లావా! ఆ రెండు అగ్నుల మధ్య విరామమే ఈ తెల్లని చార. ఇందులోని గవ్వలను 1860లోనే భూగర్భ పరిశోధకుడు స్టీఫెన్ హిస్లాప్ లోకానికి వర్ణించి చెప్పాడు.

పెచ్చు ఒకటి చేతిలోకి తీసుకోండి. చాకుమొనకు తెల్లగా గీత పడుతుంది. పలచని ఆసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. పక్కనున్న నల్లరాయి ఉలకదు, పలకదు. కానీ పొంగు చెప్పేది సున్నం సంగతే, ప్రాణి జాడ కాదు. అందుకు అప్పుడే పగిలిన ముఖం కన్నా ఏళ్ల తరబడి వానకు తడిసిన ముఖమే నయం. మెత్తని సున్నపు బురదను వాన కొరుక్కుతినగా, స్ఫటికమై గట్టిపడిన గుల్లలు ఉబ్బెత్తుగా పైకి తేలతాయి. దుద్దుకూరు రాతిలోని టర్రిటెల్లా నత్త ఎంత అందగత్తో! సన్నగా, పొడవుగా, మెట్టుమెట్టుగా కొనదేరిన గోపురం. నిలువునా చీలితే ఒకదానిపై ఒకటి గదులు. ప్రతి గదిలో తేనెరంగు తళుకుతో కాల్సైట్ పలుకులు. గుల్ల కాల్చి సున్నం తీయడం కోనసీమకు కొత్తేమీ కాదు. కడలి ఆ గుల్లలనే నిప్పు లేకుండా రాయి చేసింది.

కంటికి ఆనని వింత ఇంకా పెద్దది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని 11 లోతైన బావుల రాతిపొరల్లో ఫోరామినిఫెరా అనే అతిసూక్ష్మ సముద్రజీవుల గుల్లలను భూగర్భశాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం పరిశీలించి 2011లో ప్రచురించింది. మొదటి మహాలావా రాకముందే జాతులు సగమయ్యాయి. అది పారాక మిగిలినవీ సగమై 7, 8 జాతులే బతికాయి. తరవాతి మూడు ప్రవాహాల మధ్య కోలుకున్నదే లేదు. అదే కాలంలో జరిగిన రాక్షసబల్లుల అంతానికి ఉల్క కారణమా, లావా కారణమా అన్న వాదులాట ఇంకా తెగలేదు గానీ, రాజమండ్రి క్వారీల తెల్లపట్టీలో దొరికేవి మాత్రం ఆ ప్రళయం దాటాక పుట్టిన కొత్త జాతులు, మరీ చిన్నచిన్నవి.