లండన్‌లో హైదరాబాదు అమ్మాయి

సరోజినీ చటోపాధ్యాయ 1895లో హైదరాబాదు నుంచి ఇంగ్లండుకు బయలుదేరింది. అప్పటికి ఆమె వయసు 16. దేశం దాటడం అదే మొదటిసారి, అదీ కోరి చేసిన ప్రయాణం కాదు. డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుణ్ణి పెళ్లాడతానని ఆమె పట్టుబట్టి కూర్చుంది. ఆయన తెలుగువాడు, వయసులో బాగా పెద్ద. సరోజినివాళ్లు బెంగాలీ బ్రాహ్మణులు. అటువాళ్లూ ఇటువాళ్లూ ససేమిరా అన్నారు. నాలుగేళ్లు దూరంగా ఉంటే పిల్ల మనసు మళ్లుతుందని పెద్దవాళ్ల ఆశ.

చదువు విషయంలో మాత్రం పంపడానికి తగిన కారణమే ఉంది. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడిన్‌బరోలో డాక్టరేట్ పొందిన శాస్త్రవేత్త, నిజాం కళాశాలకు పునాది వేసిన మనిషి. ఇంగ్లీషు మాట్లాడనని మొండికేసిందని తొమ్మిదేళ్ల సరోజినిని ఒక రోజంతా గదిలో పెట్టి తలుపు వేశాడాయన. ఆ దెబ్బతో ఇంగ్లీషు పట్టుబడింది. అమ్మ మాత్రం ఆమెతో హిందుస్తానీలోనే మాట్లాడేది. 12 ఏళ్లకు మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పాసయింది. 13 ఏళ్లకు జబ్బుపడితే, పుస్తకం ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఆయన మీద కోపంతో 2000 పంక్తుల నాటకం రాసిపడేసింది. ఆమె రచనా శక్తి సంగతి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చెవిన పడింది. ఏడాదికి 300 పౌండ్ల ఉపకారవేతనం, పైగా ఓడ ఖర్చులు మంజూరయ్యాయి.

సూయజ్ కాలువ 1869లో తెరిచాక బొంబాయి నుంచి లండన్ సుమారు మూడు వారాల దారిలోకి వచ్చింది. అయినా ఒంటరి ఆడపిల్లను ఓడ ఎక్కించే రోజులు కావవి. దారిలో సరోజినిని చూసుకునే బాధ్యత అనీ బిసెంట్ తీసుకుంది.

ఆమె దిగేనాటికి లండన్ ప్రపంచంలోకెల్లా పెద్ద నగరం. రోమన్ల నాడు కట్టిన గోడ ముక్కలు ఒకపక్క, 1894లో తెరిచిన టవర్ బ్రిడ్జి మరోపక్క. నేల కింద సొరంగాల్లో ఆవిరి రైళ్లు 1863 నుంచే తిరుగుతున్నాయి. ఇంటింటా పొయ్యిల్లో కాల్చే బొగ్గు పొగ మంచుతో కలిస్తే చలికాలంలో మధ్యాహ్నమే దీపాలు పెట్టుకోవలసి వచ్చేది. దక్కను ఎండలో పెరిగి, చిన్నప్పటి నుంచీ ఒంట్లో బాగుండని పిల్లకు ఇది మంచి వాతావరణం కాదు.

అక్కడ ఆమెకు పెద్ద దిక్కు ఎలిజబెత్ అడిలైడ్ మానింగ్. ఇంగ్లండులో చదువుకునే భారతీయ విద్యార్థులకు అండగా నిలిచిన నేషనల్ ఇండియన్ అసోసియేషన్‌ను నడిపింది ఈమే. సరోజిని కింగ్స్ కాలేజీలో చేరింది కానీ, లండన్‌లో ఆమెకు అసలు చదువు మానింగ్ ఇంటి ముందుగదిలోనే జరిగిందనాలి. రచయితలు, సంపాదకులు ఆ ఇంటికి వచ్చిపోతుండేవారు. పేరున్న విమర్శకుడు ఎడ్మండ్ గోస్ పరిచయమైంది అక్కడే.

సరోజిని తన కవితల కట్ట తీసుకెళ్లి గోస్ చేతిలో పెట్టింది. ఛందస్సు కుదిరింది, వ్యాకరణంలో వంక పెట్టడానికి లేదు. కానీ అందులో ఉన్నవన్నీ టెన్నిసన్, షెల్లీల దగ్గర అరువు తెచ్చుకున్న భావాలు. రాబిన్ పిట్టలు, స్కైలార్క్‌లు, పల్లెటూరి చర్చి గంటలు. అవి చుట్టూ ఉన్న ఊళ్లో చూసినవి కాదు, హైదరాబాదులో కూర్చుని పుస్తకాల్లో చదివి నేర్చుకున్నవి. ఇవన్నీ చెత్తబుట్టలో వేసి దక్కను గురించి రాయమని గోస్ సలహా. అక్కడి కొండలు, తోటలు, గుళ్లు, మనుషుల గురించి రాయమన్నాడు. పిల్ల నొచ్చుకోకుండానే విని, అలాగే చేసిందని గోస్ 1912లో ఆమె పుస్తకానికి రాసిన ముందుమాటలో చెప్పుకున్నాడు.

సలహా మంచిదే. కానీ అందులో లండన్ సాహిత్య బజారు అవసరం కూడా కొంత ఉంది. ఇంగ్లీషు పిట్టల మీద రాసేవాళ్లు ఇంగ్లండులో కొల్లలు. ఆ బజారుకు కావలసింది తూర్పు దేశపు సరుకు. మరో మిత్రుడు ఆర్థర్ సైమన్స్ జ్ఞాపకాల్లో కూడా ఆమె పట్టుబట్టలు, వీపు మీదుగా జారిన నల్లటి జుట్టు, పెద్ద కళ్లు, చిన్నపిల్లలాంటి ఆకారమే ముందుగా కనిపిస్తాయి. ఎక్కడున్నా ఒంటరిగా ఉన్నట్టుండేదని కూడా ఆయనే రాశాడు. ఆ మాట మాత్రం నిజం పట్టుకున్నట్టుంది. ఆమె మనసు గోవిందరాజులు మీదే ఉంది. లండన్ కబుర్లన్నీ ఆయనకే ఉత్తరాల్లో రాస్తూ వచ్చింది.

తర్వాత చదువు కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీకి మారింది. 1869లో ఆడవాళ్ల కోసమే మొదలైన కాలేజీ అది. తొలి విద్యార్థినుల్లో మానింగ్ కూడా ఒకరు. పరీక్షలు రాయనిచ్చినా కేంబ్రిడ్జి ఆడవాళ్లకు పట్టా ఇచ్చేది కాదు. ఇవ్వాలా వద్దా అని 1897 మేలో విశ్వవిద్యాలయం ఓటింగ్ పెట్టింది. మగ విద్యార్థులు సైకిల్ ఎక్కిన ఆడపిల్ల బొమ్మను సెనేట్ హౌస్ ఎదుట వేలాడదీసి గోల చేశారు. ప్రతిపాదన చిత్తుగా ఓడింది. ఆడవాళ్లు ఆ హక్కు కోసం 1948 దాకా ఆగవలసి వచ్చింది.

గిర్టన్‌లో సరోజిని ఆరోగ్యం మళ్లీ దెబ్బతింది. చదువు మధ్యలోనే ఆగింది. మధ్యలో ఇటలీలో కొంతకాలం గడిపింది. లండన్ పొగ తర్వాత ఫ్లోరెన్స్ ఆమెకు ఒళ్లంతా బంగారంలా కనిపించింది. పగటి ఎండ, రాత్రి నక్షత్రాలు, మే నెల చీకట్లో ఎగిరే మిణుగురులు, అన్నిటినీ ఉత్తరాల్లో బంగారంతోనే పోల్చింది. ఇటలీ గురించి రాసిన ఆ వచనంలో ఉన్న తడి ఆనాటి పద్యాల్లో చాలావాటికి లేదు.

1898 సెప్టెంబరులో పట్టా లేకుండానే హైదరాబాదు చేరింది. పెద్దవాళ్లు అనుకున్నదీ జరగలేదు. ఆ డిసెంబరులోనే గోవిందరాజులు నాయుడితో పెళ్లయింది. కులాంతర వివాహం కనుక 1872 నాటి చట్టం ప్రకారం మద్రాసులో చేసుకున్నారు. దగ్గరుండి జరిపించినవాడు కందుకూరి వీరేశలింగం.

గోస్ మాట పుస్తకమై రావడానికి మరో ఏడేళ్లు పట్టింది. 'ది గోల్డెన్ త్రెషోల్డ్' 1905లో లండన్‌లోనే హైనిమన్ ప్రచురణగా వచ్చింది. ముందుమాట సైమన్స్‌ది, అంకితం గోస్‌కు. పుస్తకం మొదట్లో అచ్చయిన సరోజిని బొమ్మ గీసింది కవి యేట్స్ తండ్రి జాన్ బట్లర్ యేట్స్. రాబిన్ పిట్టల జాడ అందులో లేదు. పల్లకీ బోయీలు, నేతగాళ్లు, కోరమండల్ తీరపు జాలర్లు ఉన్నారు, పొద్దుగూకిన హైదరాబాదు ఉంది. లయ, ప్రాస మాత్రం విక్టోరియా కాలపు ఇంగ్లీషువే. 1912లో వచ్చిన 'ది బర్డ్ ఆఫ్ టైమ్'లో హైదరాబాదు బజార్ల మీద రాసిన కవిత ఉంది. బడిపుస్తకాల్లో చేరి, తరతరాల పిల్లలు కంఠతా పట్టింది దాన్నే.