ఇంజను ఆగినా తిరిగే రెక్కలు

పిల్లలూ! నర్సీపట్నం మీదుగా మన్యం కొండల కేసి చిన్న హెలికాప్టరు పోతున్నదనుకోండి. ఉన్నట్టుండి ఇంజనుకు నిప్పంటుకున్నది! ఇక అది రాయిలాగా పడిపోవలసిందేనా?

పడనక్కర లేదు. పైలటు వెంటనే రెక్కల వాలు తగ్గించి, మంటకు మేత లేకుండా ఇంధనం కట్టేస్తాడు. తొక్కటం మానినా సైకిలు చక్రం తిరుగుతుంది గదా! అలాగే ఇంజను ఆగినా రెక్కలు ఆగవు. గిరగిరా తిరుగుతూ రాలే గుగ్గిలం కాయను తిప్పినట్టే, దిగేటప్పుడు కింది నుంచి తగిలే గాలి వాటిని తిప్పుతుంది. 1923లో స్పెయిన్‌లో ఎగిరిన సియెర్వా ఆటోజైరోకు పై రెక్కలను తిప్పిందీ గాలే.

నేల దగ్గరపడగానే పైలటు రెక్కల వాలు పెంచి మెల్లగా దింపుతాడు. ఈ అవకాశం ఒక్కసారే! ఎత్తు చాలకపోయినా, కింద చదును నేల లేకపోయినా ప్రమాదమే. అందుకే మంచి పైలటు ఇంజను బాగున్నప్పుడే దిగే చోటు చూసుకుంటూ పోతాడు.