ఆడదైతే వద్దక్కా

2025 జూలై ఇరవై రెండు, మంగళవారం. రాత్రంతా ముసురు. పొద్దున తొమ్మిదింటికి షాపు తీద్దామని వెళ్లేసరికి షట్టర్ పక్కన మెట్టు మీద పాతిక కిలోల బియ్యం సంచి ఒకటి ఉంది. మూతి సుతిలితో బిగించి ఉంది. తాళం తీస్తుంటే సంచి కదిలింది. లోపలికెళ్లి కత్తెర తెచ్చి సుతిలి కోశాను. ఐదు కుక్కపిల్లలు, ఒకదాని మీద ఒకటి, తడిసి ముద్దయి ఉన్నాయి. అప్పుడప్పుడే కళ్లు తెరుస్తున్నాయి, ఆ కళ్ల మీద ఇంకా నీలిపొర పోలేదు. అంటే పుట్టి రెండు వారాలన్న మాట.

హైదరాబాద్ నల్లకుంటలో నాది చిన్న టైలరింగ్ షాపు. ఇరవై ఆరేళ్లుగా బ్లౌజులు, ఫాల్స్, పికో ఇవే నా లోకం. చేతికి అందిన లైనింగ్ ముక్కలతో పిల్లల ఒళ్లు తుడిచాను. సీసాలో వేడినీళ్లు పోసి, దానికి పాత లంగా గుడ్డ చుట్టి, వాటి మధ్యలో పెట్టాను. పాలు తర్వాత, ముందు వెచ్చదనం. ఆ ఈడు పిల్లలకు ఒంట్లో వేడి నిలవదు. చల్లబడ్డ పిల్లకు పాలు పడితే అరగవు, ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. పదకొండేళ్ల కిందట, వీధి కుక్కపిల్లలను సాకడం మొదలుపెట్టిన కొత్తలో ఆ సంగతి నాకు తెలీదు. ఆకలితో ఉందని గబగబా పాలు పట్టాను. ఆ పిల్ల నా అరచేతిలోనే పోయింది.

మధ్యాహ్నానికి వార్త వీధంతా పాకింది. సాయంత్రం తెలిసిన ఆటో అన్న వచ్చాడు, వాళ్ల పాప అడుగుతోందట. "మగది ఉందా అక్కా?" అన్నాడు. ఒక్కటే ఉంది. ఎనిమిది వారాలు నిండాకే ఇస్తానంటే సరేనని ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లాడు. రాత్రి షట్టర్ దించేలోపు ఆ ఒక్క మగపిల్ల కోసమే ఇంకో ముగ్గురు వచ్చారు. మిగిలిన నాలుగూ ఆడవి. వాటిని ఎత్తుకుని చూసినవాళ్లు కూడా తోక కిందికి చూసి మళ్లీ దించేశారు.

"ఆడదైతే వద్దక్కా. మగది దొరికితే చెప్పు, తీస్కపోతా."

ఈ మాట నేను పదకొండేళ్లుగా వింటున్నాను. అట్టపెట్టెల్లో, సంచుల్లో, గుడి అరుగుల మీద వదిలేసిన పిల్లల్లో ఆడవే ఎందుకు ఎక్కువ కనబడతాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఈతలో మగపిల్లలు ఎవరో ఒకరి ఇంటికి చేరిపోతాయి, ఆడవి రోడ్డు మీద పడతాయి. వాటిలో బతికి బట్టకట్టినవి ఏడాది తిరక్కుండానే తల్లులవుతాయి. కడుపు అరవై మూడు రోజులే. ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు నుంచి ఆరు పిల్లలు. వీధికుక్కలు పెరిగిపోయాయని మనం బాధపడుతున్నామే, ఆ పెరుగుదలకు మొదలు మన గుమ్మం ముందు మనం అనే ఈ మాటలోనే ఉంది.

వద్దనేవాళ్లకు కారణాలున్నాయి, వాటిని నేను కొట్టిపారేయను. ఆడకుక్క వేడికొస్తే గేటు ముందు మగకుక్కల గుంపు చేరుతుంది. గచ్చు మీద రక్తం మరకలు పడతాయి. తర్వాత పిల్లలు, వాటినేం చేయాలో తోచదు. అయితే ఈ మూడింటికీ మందు ఒక్కటే, ఆపరేషన్. ఆరు నెలల వయసు దాటాక చేయించేస్తే మళ్లీ వేడికి రావడం ఉండదు. గర్భసంచిలో చీము పట్టే జబ్బు భయమూ ఉండదు. అరగంట పనికి జడిసి ప్రాణాన్ని సంచిలో కట్టేస్తున్నాం.

జంతువును తిండీ నీళ్లూ దొరక్క అల్లాడేలా వదిలేయడం మన దేశంలో నేరం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోనే ఆ మాట ఉంది. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభలో బిల్లు పెట్టి పట్టుబట్టడం ఈ చట్టం రావడానికి దారితీసింది. 1962లో ఏర్పడ్డ జంతు సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలూ ఆమే. మొదటిసారి నేరానికి చట్టంలో రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఇన్నేళ్లయినా అదే అంకె. ఇది మారాలి.

ఇక ఆ ఐదు పిల్లల సంగతి. ఇలాంటివి దొరికితే చాలామంది షెల్టరుకు ఫోన్ చేసి, తీసుకెళ్లమని చెప్పి, చేయాల్సింది చేశామనుకుంటారు. షెల్టర్ల మీద నాకు గౌరవం ఉంది. అమల అక్కినేని గారు 1990ల తొలినాళ్లలో పెట్టిన బ్లూ క్రాస్ వల్ల ఈ ఊళ్లో ఎన్ని మూగప్రాణులు లేచి నిలబడ్డాయో చూసినదాన్ని. కానీ షెల్టరంటే కాళ్లు విరిగినవీ, పుండ్లకు పురుగులు పట్టినవీ చేరే ఆసుపత్రి లాంటి చోటు. టీకా పడని పసిపిల్లలను అక్కడ కలిపితే పార్వో పట్టుకుంటుంది. వాంతులు, వాసనొచ్చే నెత్తుటి విరేచనాలు, రెండు మూడు రోజుల్లో మనిషి కళ్లముందే పిల్ల కరిగిపోతుంది. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి చావదు, బ్లీచింగ్ కొట్టి కడగాల్సిందే.

అందుకని వీధికీ, పెంచుకునే ఇంటికీ మధ్య ఇంకో ఇల్లు కావాలి. దాన్నే ఫోస్టర్ ఇల్లు అంటున్నారు. పుట్టిల్లూ కాదు, మెట్టినిల్లూ కాదు, నడిమింట్లో ఆరు వారాల మకాం. కుక్కను జన్మంతా పెంచలేనివాళ్లు కూడా ఈ సాయం చేయగలరు. కావాల్సినవి బాత్రూమంత మూల, పాత పేపర్లు, గిన్నె, ఆ ఆరు వారాల ఓపిక. నట్టల మందు డాక్టరు చెప్పిన లెక్కన వేయాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి బూస్టరు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. పళ్లొచ్చాక మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు, కోడి కార్జం. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష పెట్టకూడదు.

మా వీధిలో నాలుగిళ్లు కలిసి ఈ పని చేస్తున్నాం. పగలు నా షాపు, రాత్రి ఇస్త్రీ బండి పెద్దమ్మ ఇల్లు. ఆమె బొగ్గుల పెట్టె పక్కన గది ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఆదివారాలు డిగ్రీ చదివే అమ్మాయి చూసుకుంటుంది. మందులు మెడికల్ షాపు తమ్ముడు కొన్న ధరకే ఇస్తాడు. సంచిలో వచ్చిన ఐదింటిలో బక్కచిక్కిన ఆడపిల్ల ఒకటి మూడో రాత్రి పోయింది. నాలుగు నిలిచాయి.

ఒక మాట మధ్యలో చెప్పాలి. వీధిలో పిల్లలు ఒంటరిగా కనబడగానే ఎత్తుకొచ్చేయకండి. తల్లి తిండికోసం వెళ్లి ఉంటుంది. దూరంగా నిలబడి రెండు మూడు గంటలు చూడండి. తల్లి దగ్గర ఉన్నంత భద్రంగా అవి మన దగ్గర ఉండవు.

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తాను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. తండ్రి పనిచేసే చోటికి ఆయనతో పాటు వచ్చిన పిల్లాడు. నల్లకుంటకు అంబర్‌పేట ఎంత దూరం? ఆ దాడి వీడియో నేను మొత్తం చూడలేకపోయాను. మర్నాడు వీధిలో పదిమంది మా షాపు ముందుకొచ్చారు. "నువ్వు అన్నం పెట్టబట్టే ఇవి ఇక్కడున్నయి" అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. మా సందు చివర రోడ్డు ఎక్కితే ఫీవర్ ఆసుపత్రి. కుక్క కరిచిన చేతులకు గుడ్డ చుట్టుకుని ఆటోల్లో దిగే తల్లులనూ పిల్లలనూ ఏళ్ల తరబడి చూస్తున్నాను. వాళ్ల భయం అబద్ధం కాదు. కుక్కలను ప్రేమించేవాళ్లం ఆ భయాన్ని చులకన చేసి మాట్లాడితే కుక్కలకే చెరుపు చేసినవాళ్లమవుతాం.

అయితే వచ్చినవాళ్లను ఒకటే అడిగాను. నాతో వచ్చి కుక్కలను లెక్కపెట్టమన్నాను. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొస కత్తిరించి ఉంటుంది, దూరం నుంచే పోల్చుకోవచ్చు. రెండు సందుల్లో పదకొండు కుక్కలు, అందులో ఏడింటికి చెవులు నిండుగా ఉన్నాయి. ఆ ఏడింటి గురించి అందరం సంతకాలు చేసి నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీకి అర్జీ పెట్టాం. చికెన్ షాపు వ్యర్థాలు రోడ్డు మీద పోయకుండా మూత ఉన్న డ్రమ్ము పెట్టించాం. వాళ్ల కుక్కల బండి నాలుగుసార్లు తిరిగితే గానీ ఏడూ దొరకలేదు.

పట్టుకెళ్లినవాటిని మళ్లీ ఇక్కడే ఎందుకు వదులుతారని అందరూ అడుగుతారు. వీధికుక్కల జనన నియంత్రణపై 2001 నాటి నిబంధనలు, వాటి స్థానంలో 2023 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలు రెండూ చెప్పేది అదే. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. తిండి దొరికే సందు ఖాళీగా ఉండదు. ఉన్నవాటిని తీసేస్తే పక్క బస్తీవి వస్తాయి, వాటికి టీకా ఉండదు, ఆపరేషన్ ఉండదు, మన మనుషులు వాటికి తెలీదు. మద్రాసు కార్పొరేషన్ దశాబ్దాల పాటు కుక్కలను చంపి చూసింది, తగ్గలేదు. ఆపరేషన్లు చేయమని అక్కడి బ్లూ క్రాస్ 1964 నుంచి అడుగుతూనే ఉంది. 1996లో గానీ చంపడం ఆపి ఆ దారి పట్టలేదు. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని చెప్పిన సుప్రీంకోర్టు కూడా పదకొండు రోజులకే, 22వ తేదీన, ఆ మాట సవరించింది. రేబిస్ ఉన్నవీ, మీదపడే స్వభావం ఉన్నవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక వాటి చోటే వదలమంది. దత్తత తీసుకోదలచినవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని కూడా చెప్పింది.

మా సందులో నల్లి అని ఒక ముసలి ఆడకుక్క ఉండేది. ఎన్ని ఈతలు ఈనిందో లెక్కలేదు, పొదుగు నేలకు జారి ఉండేది. దాన్ని బండి తెచ్చి దింపినప్పుడు నేను ముందు చూసింది కుట్టు. అది నా వృత్తి కదా. కుడి డొక్కలో అంగుళంన్నర కోత, పైకి రెండే ముడులు. లోపలి దారం దానంతటదే కరిగిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. అంచులు ఎక్కడా పొంగలేదు, ముడి బిగుసుకోలేదు. అంత నాజూకు చేతిపని చూసి నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. నల్లి ఆ రోజంతా నా మిషను కింద పడుకుంది. పెడల్ చప్పుడు ఆగినప్పుడల్లా ఒక కన్ను తెరిచి చూసేది. రెండో రోజు పెరుగన్నం తింది. ఆ తర్వాత అది మూడు చలికాలాలు ఒక్క పిల్లనూ కనకుండా, ఒళ్లు చేసి, నిశ్చింతగా తిరిగింది.

ఇన్ని చేసినా కాటు పడితే ఆలస్యం చేయకండి. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, గడియారం చూసి మరీ. కారం, సున్నం, పసుపు పూయకూడదు. వెంటనే సర్కారు దవాఖానాకు వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయింది, ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్లు దాదాపుగా లేరు.

కుక్కపిల్లను అడగడానికి వచ్చినవాళ్లకు నేను కొన్ని ప్రశ్నలు వేస్తాను, కొందరికి కోపమొస్తుంది కూడా. ఇల్లుగలాయన ఒప్పుకున్నాడా? దసరాకు ఊరెళ్తే దీనికి అన్నం ఎవరు పెడతారు? ఇంట్లో దీన్ని వద్దనేవాళ్లు ఎవరు, వాళ్లనూ తీసుకొస్తారా? అపార్ట్‌మెంటు వాళ్లు ఒప్పుకోరని చెప్పేవాళ్లకు, కుక్కలను నిషేధించే హక్కు సంఘాలకు లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పిన సంగతి చెబుతాను. హస్కీ కావాలని వచ్చేవాళ్లూ ఉన్నారు. మంచులో బండ్లు లాగే కుక్కను హైదరాబాద్ మే నెల ఎండలో బాల్కనీలో కట్టేయడం పాపం. మన దేశీ కుక్క ఈ ఎండకూ ఈ తిండికీ పుట్టింది.

విద్యానగర్ నుంచి ఒక పెద్దాయన, అమ్మగారు వచ్చారు. కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు, ఇల్లు బోసిగా ఉందని పిల్ల కావాలన్నారు. రెండు గంటలకోసారి లేపే పసిదాన్ని వాళ్లు మోయలేరు. ఎవరో వదిలేసి వెళ్లిన ఆరేళ్ల ఆడకుక్క ఒకటి అప్పుడు మా దగ్గరుంది. అమ్మగారు మొదట మొహం చిట్లించారు. వారం రోజులు ఉంచుకుని చూడమన్నాను. అది రెండేళ్ల కిందటి మాట. ఇప్పుడు ఆయన ఉదయం నడకకు వెళ్తే అదే ముందు నడుస్తుంది. దాని మెడపట్టీ నేను కుట్టిందే. రోడ్డు పనివాళ్ల జాకెట్ల మీద మెరిసే టేపు రాణిగంజ్‌లో తెచ్చి, బెల్టు గుడ్డ మీద వేసి కుడతాను. మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. రాత్రిళ్లు బండి లైటు పడితే దూరం నుంచే మెరుస్తుంది. మా సందు కుక్కలన్నిటికీ అవే.

సంచిలో వచ్చినవాటిలో మగది ఆటో అన్న ఇంటికి వెళ్లింది. ఆడవాటిలో ఒకటి రామంతాపూర్, ఇంకొకటి డిగ్రీ అమ్మాయి మేనత్త ఇంటికి చేరాయి. ఇది రాస్తున్న అక్టోబరు నెలలో నాలుగోది ఇంకా నా మిషను కిందే ఉంది. గోధుమరంగు ఒళ్లు, ముందు కాళ్లకు మేజోళ్లు తొడిగినట్టు తెలుపు. మూడు నెలలు నిండాయి, రేబిస్ టీకా పడింది, ఆపరేషన్ ఖర్చు మా వీధివాళ్లం పెట్టుకుంటాం. ఆడపిల్లే.