తీసివేసిన బొమ్మలు

మన పిల్లలు మట్టితో ఎడ్లు, బండ్లు చేసి ఆడుకొనుట మనము ఎరుగుదుము. విలియం సైబోర్న్ అను ఇంగ్లీషు కెప్టెన్ బొమ్మలతో ఒక యుద్ధమునే నిలిపి చూపించాడు.

1815 జూన్ 18న, నేటి బెల్జియంలోని వాటర్లూ వద్ద, నెపోలియన్ ఓడిపోయాడు. 1830లో సైబోర్న్ అక్కడి పొలాల్లో సుమారు ఎనిమిది నెలలు ఉండి నేలంతా కొలిచాడు. యుద్ధములో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు వ్రాశాడు. సాయంకాలం ఏడు గంటల వేళ మీ దళము ఎక్కడ నిలిచింది, శత్రువులు ఏ వరుసలో ఉన్నారు, చుట్టూ ఏ పైరు ఉంది అని అడిగాడు. ప్రభుత్వము సొమ్ము ఆపివేయగా అప్పులపాలయ్యాడు. అయినను పని మానలేదు. 1838లో ఆ నమూనాను లండన్‌లో ప్రదర్శించాడు.

అయితే ఆ సాయంకాలం ఇంగ్లీషువారికి ప్రష్యా సైన్యము సహాయముగా వచ్చింది. దానిని అంత పెద్దదిగా చూపుట సేనాధిపతి వెల్లింగ్టన్ పక్షమువారికి నచ్చలేదు. తుదకు సైబోర్న్ వేలాది ప్రష్యా బొమ్మలను తీసివేశాడు. 1849లో ఆయన మరణించాడు. మిగిలిన 70 వేలకు పైగా సైనికులు, గుర్రాలు, ఫిరంగులతో ఆ నమూనా లండన్‌లోని జాతీయ సైనిక మ్యూజియంలో ఉంది.

ప్రియులారా, మన ఇంటి కథ పిల్లలకు చెప్పునప్పుడు, కష్టకాలంలో ఆదుకొన్నవారిని మనమూ తీసివేయుచున్నామా?