ఫోన్‌లో తెరుచుకునేది ల్యాబ్‌లో ఎందుకు తెరుచుకోదు?

"సర్వర్ డౌన్." మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ళలో ఏ ఆన్‌లైన్ సెంటరు ముందు నిలబడినా చెవిన పడే మాట ఇది. స్కాలర్‌షిప్ దరఖాస్తు మధ్యలో ఆగినా, భూమి 1బి కాగితం రాకపోయినా, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో విద్యార్థి రాసిన ప్రోగ్రాం బయటి సర్వీసును పిలవలేక చతికిలబడినా ఇదే మాట. చాలాసార్లు అది నిజం కాదు. అదే నిమిషంలో పక్కనున్నవాళ్ళు తమ ఫోన్‌లో అదే సైటు తెరిచి చూపిస్తారు. సర్వర్ బాగానే ఉంది, తెగింది దారి. ఆఫీసుల్లో, కాలేజీల్లో ఆ దారి మధ్యన సాధారణంగా ఎవరి కంటా పడని యంత్రం ఒకటి ఉంటుంది. దాని పేరు ప్రాక్సీ సర్వర్.

ప్రాక్సీ అంటే మన తరఫున బయటికి వెళ్ళి, అడిగింది తెచ్చి ఇచ్చే కంప్యూటరు. ల్యాబ్‌లో అరవై కంప్యూటర్లు ఉన్నా బయటి ప్రపంచానికి కనిపించేది అదొక్కటే. వెబ్ పుట్టిన సెర్న్ పరిశోధనాలయంలోనే 1994 కల్లా వెబ్ ప్రాక్సీ కూడా తయారైంది. 1996లో స్క్విడ్ అనే ఉచిత ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఈనాటికీ వాడుకలో ఉంది. మొదట్లో ప్రాక్సీ ముఖ్యమైన పని పొదుపు. ఒకరి కోసం తెచ్చిన పేజీని దాచి ఉంచి, రెండోవారు అడిగితే మళ్ళీ బయటికి వెళ్ళకుండా అక్కడి నుంచే ఇవ్వడం. మన ప్రాంతం సంగతికే వస్తే, 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' ప్రాజెక్టు మొదలుపెట్టి, పల్లెలకు కంప్యూటరు కేంద్రాలను తీసుకెళ్ళింది. ఆ కాలంలో మారుమూల ఊళ్ళకు చేరే లైన్లు సన్నవి. ఒకే పేజీని పదిమందికి పదిసార్లు తెప్పించుకోవడం దండగ కాబట్టి, దాచి పంచే ప్రాక్సీకి అప్పుడు మంచి గిరాకీ. పైగా ఆనాటి వెబ్‌లో ఎక్కువ భాగం బాహాటంగా సాగేది. దాటిపోయే ప్రతి అక్షరాన్నీ ప్రాక్సీ చదవగలిగేది.

ఇప్పటి వెబ్ అలా లేదు. అడ్రసు ముందు తాళం గుర్తు ఉన్న ప్రతి సైటూ టీఎల్ఎస్ అనే పద్ధతిలో రహస్యంగా మాట్లాడుతుంది. ఆ మాటలను మధ్యవాళ్ళు చదవలేరు, మార్చలేరు. మరి చదవలేని ఉత్తరాన్ని ప్రాక్సీ ఎలా చేరవేస్తుంది? దీనికి 'కనెక్ట్' అనే చిన్న ఆదేశం ఉంది. బ్రౌజరు ప్రాక్సీతో "ఫలానా సైటు, 443వ పోర్టు, అక్కడికి నాకు దారి కలుపు" అని మాత్రమే చెబుతుంది. ప్రాక్సీ ఆ దారి కలిపి "200" అని బదులిస్తుంది. అక్కడి నుంచి ప్రాక్సీ సీలు వేసిన కవర్లు మోసే పోస్టుమ్యాన్. పైన అడ్రసు తెలుసు, లోపల ఏముందో తెలియదు.

ఈ "200" దగ్గర కాస్త ఆగుదాం. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో ఇంతకన్నా పనికొచ్చే అంకె లేదు. కనెక్షన్ ఆగినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ప్రాక్సీ నుంచి 200 వచ్చిందా, రాలేదా? రాకపోతే తప్పు మనకూ ప్రాక్సీకీ మధ్య, లేదా ప్రాక్సీకీ బయటికీ మధ్య ఉంది. వచ్చి ఉంటే ప్రాక్సీ దారి కలిపేసినట్టే. ఆ తర్వాత ఆగింది సీలు విషయంలో. ఈ ఒక్క ప్రశ్న వెతకాల్సిన చోటును సగానికి తగ్గిస్తుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో దేశంలోని మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు ప్రోగ్రాములు చదువుకునే రూపంలో దొరుకుతాయి. మదనపల్లెలో బీటెక్ చదివే అమ్మాయి టమాటా ధరలు తెచ్చి గ్రాఫు గీసే ప్రోగ్రాం రాసిందనుకుందాం. ఇంట్లో, ఫోన్ హాట్‌స్పాట్ మీద చక్కగా నడిచింది. ల్యాబ్‌లో నడవలేదు. విచిత్రం ఏమిటంటే, ల్యాబ్‌లోని అదే కంప్యూటరులో బ్రౌజరు ఆ పోర్టల్‌ను హాయిగా తెరుస్తోంది.

కారణం సులువు, కానీ ఎవరూ చెప్పరు. బ్రౌజరుకు ప్రాక్సీ ఉందని తెలుసు, ప్రోగ్రాంకు తెలియదు. విండోస్‌లో మనం సెట్టింగుల్లో నింపే ప్రాక్సీ అడ్రసును బ్రౌజర్లు చదువుకుంటాయి. వెనక నడిచే సర్వీసులు చాలావరకు 'విన్‌హెచ్‌టీటీపీ' అనే వేరే చోట వెతుకుతాయి. జావా మామూలుగా ఈ రెండింటినీ పట్టించుకోదు. దానికి ప్రాక్సీ పేరు, పోర్టు విడిగా చెప్పాలి, అందులోనూ మామూలు వెబ్‌కు ఒకటి, భద్రమైన వెబ్‌కు ఇంకొకటి. పైథాన్ ప్రోగ్రాములు, లైనక్స్ సాధనాలు చాలావరకు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూస్తాయి. ఒకే కంప్యూటరులో ఇన్ని చోట్ల ఇన్ని చిరునామాలు ఉంటాయి. చెప్పని ప్రోగ్రాం ప్రాక్సీని వదిలి నేరుగా బయటికి పరిగెత్తుతుంది. ఫైర్‌వాల్ దాన్ని ఆపుతుంది, కానీ ఆపానని చెప్పదు. అందుకే ప్రోగ్రాం నిమిషాల తరబడి ఎదురుచూసి "టైమ్ అవుట్" అంటుంది. ఏ బదులూ లేని మౌనం కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది ఇదే.

ప్రాక్సీ అడ్రసు సరిగ్గా ఇచ్చాక మౌనం పోయి అంకెలు మొదలవుతాయి. అంకె రావడం మంచి శకునం, దానికి అర్థం ఉంటుంది. 407 వస్తే ప్రాక్సీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోందని. పాస్‌వర్డ్‌లో ఎట్ గుర్తో కోలన్ గుర్తో ఉంటే, అడ్రసులో కలిపి రాసినప్పుడు అడ్రసే విరిగిపోతుంది. ఇది చాలామందిని ఏడిపించే చిక్కు. ఆ గుర్తులను శాతం గుర్తుతో మొదలయ్యే సంకేతాలుగా మార్చి రాయాలి. 502, 504 వస్తే ప్రాక్సీ మనతో బాగానే మాట్లాడుతోంది, తానే అవతలి సర్వర్‌ను చేరలేకపోతోంది. "సర్వర్ డౌన్" అనే మాట నిజం కాగలిగేది ఇక్కడే. ఆ మాటకొస్తే ఇక్కడ కూడా ప్రాక్సీ మెషీనుకు పేరును ఐపీ అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ దొరక్కపోవడం కారణం కావచ్చు.

403 సంగతి వేరు. ఇది రెండు నోళ్ళ నుంచి రావచ్చు. 200 కన్నా ముందు 403 వస్తే ప్రాక్సీ నిరాకరించింది. ఆ సైటునో, 443 కాకుండా 8443 లాంటి వేరే పోర్టునో అది అనుమతించడం లేదు. స్క్విడ్ మామూలు అమరికలో 'కనెక్ట్' ఆదేశం 443వ పోర్టుకే చెల్లుతుంది. 200 తర్వాత 403 వస్తే అది ప్రాక్సీ కలిపిన దారి అవతలి నుంచి, అసలు సర్వర్ నోటి నుంచి వచ్చింది. మన అమ్మాయి పోర్టల్ అడిగే ఏపీఐ కీ పంపడం మరిచిపోయి ఉండవచ్చు. ఒకే అంకె, ఇద్దరు వేర్వేరు బాధ్యులు. మొదటిదానికి ల్యాబ్ నిర్వాహకుల దగ్గరికి వెళ్ళాలి, రెండోదానికి తన ప్రోగ్రాం దగ్గరికి. 'కర్ల్' అనే ఉచిత సాధనాన్ని అన్నీ చెప్పమనే 'వర్బోస్' ఆప్షన్‌తో నడిపితే ఈ సంభాషణ అంతా వరుసగా తెర మీద కనిపిస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్న వాదనే ఉండదు.

200 వచ్చింది, అయినా కనెక్షన్ తెగింది. ఇక సీలు సంగతి చూడాలి. టీఎల్ఎస్‌లో ఇరుపక్షాలూ ముందు ఒక వెర్షన్‌కు ఒప్పుకోవాలి. 1999 నాటి 1.0, 2006 నాటి 1.1 వెర్షన్లను ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం 2021 మార్చిలో అధికారికంగా పక్కన పెట్టింది. 2008 నాటి 1.2, 2018 నాటి 1.3 ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నాయి. పాత జావా 6 మీద నడిచే ప్రోగ్రాములను చాలా సర్వర్లు ఇవాళ తిప్పి పంపేది అందుకే.

తర్వాత సర్టిఫికెట్. మన ప్రాంతం వారికి దీన్ని వివరించడం తేలిక. 2011 నవంబరులో తిరుపతిలో మీసేవ మొదలైనప్పుడు తిరుపతితో పాటు మదనపల్లె, పుంగనూరు, కుప్పం కూడా చిత్తూరు జిల్లావే. అప్పటి నుంచి ఆదాయ, నివాస ధ్రువపత్రాల మీద తహసీల్దారు డిజిటల్ సంతకం చూస్తూనే ఉన్నాం. ఆ సంతకం వెనకా, వెబ్‌సైటు తాళం వెనకా ఉన్న గణితం ఒకటే. తహసీల్దారు సంతకాన్ని లైసెన్సు ఉన్న సంస్థ ధ్రువీకరిస్తుంది. ఆ సంస్థను, 2000 నాటి ఐటీ చట్టం కింద ఏర్పడిన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ ధ్రువీకరిస్తుంది. వెబ్‌సైటుదీ ఇలాంటి గొలుసే. చివరి కొస, అంటే మూల సర్టిఫికెట్, మన కంప్యూటరు ముందే నమ్మి దాచుకున్న జాబితాలో ఉండాలి.

ఈ గొలుసు తెగడానికి కారణాలు కొన్ని మరీ సామాన్యమైనవి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి గడియారం ఎప్పటి తేదీకో వెళ్ళిపోతే ప్రతి సర్టిఫికెట్టూ "ఇంకా మొదలుకానిది"గా కనిపిస్తుంది. చాలాకాలం మూతపడి తెరిచిన ల్యాబుల్లో ఇది మామూలే. మూల సర్టిఫికెట్ గడువు తీరడం ఇంకొకటి. 2021 సెప్టెంబరు 30న 'డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3' గడువు తీరింది. దాని మీద ఆధారపడ్డ లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లను పాత ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.2 ఉన్న యంత్రాలు ఆ రోజు నుంచి తిరస్కరించాయి.

మూడో కారణం ప్రాక్సీయే. కొన్ని సంస్థలు కవరు లోపల చూడాలనుకుంటాయి, వైరస్‌ల కోసమో నిఘా కోసమో. అప్పుడు ప్రాక్సీ దారి కలిపి ఊరుకోదు. అసలు సైటు సర్టిఫికెట్ బదులు తానే అప్పటికప్పుడు తయారుచేసిన సర్టిఫికెట్ చూపిస్తుంది. సంస్థ తన మూల సర్టిఫికెట్‌ను విండోస్ జాబితాలో చేర్చి ఉంటుంది కాబట్టి క్రోమ్‌కు ఇబ్బంది ఉండదు. జావాకు మామూలుగా తన సొంత జాబితా ఉంటుంది, అందులో అది ఉండదు. "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అనే పేరుమోసిన ఎర్రర్ అర్థం ఇంతే: గొలుసు చివర నాకు తెలిసినవారు ఎవరూ లేరు. మందు కూడా తేలిక. నిర్వాహకుల నుంచి ఆ మూల సర్టిఫికెట్ తీసుకుని జావా జాబితాలో చేర్చాలి. రెండువైపులా సర్టిఫికెట్ చూపించుకోవాల్సిన సర్వీసులకు మాత్రం ఈ మందు పనిచేయదు. మన ప్రైవేటు తాళంచెవి ప్రాక్సీ దగ్గర ఉండదు కాబట్టి, అలాంటి అడ్రసులను తనిఖీ నుంచి మినహాయించాల్సిందే.

ఈ మందు బదులు విద్యార్థులు తరచుగా పట్టుకునే అడ్డదారి ఉంది. సర్టిఫికెట్ పరిశీలననే ఆపేసే ఒక్క లైను. ఎర్రర్ వెంటనే పోతుంది. దానితోపాటు భద్రత మొత్తం పోతుంది. ఎవరు ఏ సర్టిఫికెట్ చూపినా ఆ ప్రోగ్రాం నమ్ముతుంది. ఇది ఊహాగానపు భయం కాదు. 2014 జులై 2న గూగుల్ తన సైట్ల పేర్ల మీద తాను కోరని సర్టిఫికెట్లు ఉన్నాయని కనిపెట్టింది. వాటిని జారీ చేసింది మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ వ్యవస్థ. దాని జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారని తర్వాత తేలింది. భారత మూల సర్టిఫికెట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండడంతో విండోస్‌లో ప్రమాదం, ఫైర్‌ఫాక్స్ జాబితాలో లేకపోవడంతో అక్కడ ప్రమాదం లేదు. గూగుల్ కనిపెట్టిన మరునాడే మన కంట్రోలర్ ఆ కేంద్రపు మధ్యస్థ సర్టిఫికెట్లను రద్దు చేశారు. పరిశీలన ఉన్న చోటే ఇలాంటిది జరిగింది. పరిశీలన ఆపేసిన ప్రోగ్రాంను మోసగించడానికి ఏ సంస్థలోకీ చొరబడే శ్రమ అక్కర్లేదు, అదే వైఫైలో కూర్చున్న ఎవరైనా చాలు.

కాలేజీ ల్యాబుల నిర్వాహకులకు, కంప్యూటర్ అధ్యాపకులకు ఒక విన్నపం. ప్రాక్సీ అడ్రసు, పోర్టు, మీ మూల సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుందో ల్యాబ్ గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి పెట్టండి. ఫిర్యాదు తెచ్చిన విద్యార్థిని సమయం, అడ్రసు, 200కు ముందో తర్వాతో, వచ్చిన ఎర్రర్ యథాతథంగా, ఈ నాలుగూ అడగండి. సర్టిఫికెట్ పరిశీలన ఆపేసిన ప్రాజెక్టు ఎంత చక్కగా నడిచినా దానికి మార్కులు వేయకండి.